మంజుశ్రీ వస్తే ఎగిరే గీత

హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఏ కల్యాణ మండపానికైనా వెళ్లి చూడండి. ఏసీ ఉంటుంది, గేటు దగ్గర ఏనుగు బొమ్మలుంటాయి, ఫౌంటెన్ కూడా ఉంటుంది. పనిచేసే ప్లగ్ పాయింట్ మాత్రం ఒక్కటే ఉంటుంది. అందులో ఎవరో పెద్దాయన ఫోను చార్జింగ్‌లో ఉంటుంది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని దానికి కాపలా కాస్తుంటాడు.

నా పేరు చక్రి. మాది కదిరి వైపు. హోసూరులో యోగేష్ అన్న దగ్గర పెళ్లిళ్ల లైవ్ వీడియో పని. కెమెరాలు వేరేవాళ్లు పట్టుకుంటారు. నేను స్టేజీ పక్కన బల్ల దగ్గర వేవ్‌ఫార్మ్ మానిటర్ ముందు కూర్చుంటాను. బెంగళూరులో మూతబడిన ఒక స్టూడియో నుంచి యోగేష్ అన్న తెచ్చిన పాత పెట్టె అది. అందులో బొమ్మ కనిపించదు. బొమ్మలో వెలుగు ఎంతుందో ఆకుపచ్చ గీతగా కనిపిస్తుంది. గీత అడుగున ఉంటే చీకటి. పై అంచు దాటితే పెళ్లికూతురి మొహం తెల్లకాగితం. గీత ఎగిరినప్పుడల్లా నేను నాబ్ తిప్పి కెమెరా కన్ను కాస్త మూయాలి. మన మామలు తెల్లచొక్కా, తెల్లపంచెతో కెమెరాకు అడ్డంగా నిలబడటాన్ని కుటుంబ బాధ్యతగా భావిస్తారు కాబట్టి నాకు పనికి కొదవలేదు.

ఆ రోజు బర్గూరు దగ్గర పెళ్లి. పెళ్లికూతురు నాగజ్యోతి. తలంబ్రాలకు కాస్త ముందు మానిటర్ ఆరిపోయింది. వైరు పట్టుకుని వెళ్తే నా ప్లగ్ నేలమీద ఉంది. గోడకు ఫోను వేలాడుతోంది. పక్కన పసుపు చీరలో ఒక అమ్మాయి.

"నా ప్లగ్ ఎవరు తీసినారు?"

"నేనే తీసినాను. మా తాత ఫోను చచ్చిపోయిందన్నా."

'అన్నా' దగ్గరే సగం కోపం, మొత్తం ఆశ పోయాయి.

"ఆడ మానిటర్ ఆరిపోయిందమ్మా. అది లేకపోతే పెళ్లికూతురు మొహం తెల్లగా పాలిపోతుంది."

"మా ఇంట్లో అందరూ అడిగేది అదే కదా."

"అయినా పెళ్లి ఈడే జరుగుతా ఉంటే తాతకు ఫోనెందుకు?"

"లైవ్ చూస్తా ఉండాడు. మామలు అడ్డం నిలబడినారు, స్టేజీ కనపడలేదంట."

ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చాను. ఫోను నా బల్ల మీదికి వచ్చింది. ఫోను వెనక తాత అశ్వత్థప్ప వచ్చాడు. తాత వెనక ఆ అమ్మాయి వచ్చింది. పేర్లు చెప్పుకున్నాము, ఆమెది మంజుశ్రీ. వచ్చీ రాగానే నా పెట్టెను చుట్టూ తిరిగి చూసింది.

"స్టిక్కరు యాడ?"

"ఏం స్టిక్కరు?"

ఆమె హోసూరులో ఒక ఫ్యాక్టరీలో కాలిబ్రేషన్ లాబ్‌లో పనిచేస్తుంది. కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయా లేదా అని సరిచూడటం ఆమె ఉద్యోగం. నిజం చెబితే ఆకుపచ్చ స్టిక్కరు. జాగ్రత్తగా వాడుకోమంటే పసుపు. పక్కన పారేయమంటే ఎరుపు.

"దీన్ని ఆఖరుగా ఎప్పుడు సరిచూసినారు?"

"ఆయుధపూజకు తుడిచి కుంకం పెట్టినాము."

"కుంకం పెడితే నిజం చెప్తుందా?"

అంతలో ఎవరో పిలిస్తే ఆమె పళ్లెం పట్టుకుని స్టేజీ ఎక్కింది. గీత ఎగిరింది. ఆమె దిగింది. గీత పడుకుంది. హారతి పట్టుకుని మళ్లీ ఎక్కింది. మళ్లీ ఎగిరింది.

తాత ఫోను వదిలేసి నా పెట్టెనే చూస్తున్నాడు.

"ఏమప్పా, నీ గుండె బాగుండాదా?"

"ఎందుకు తాతా?"

"కృష్ణగిరి ఆసుపత్రిలో నాకూ ఇట్లాంటి గీతే చూపించినారు. మా మంజు కనిపిస్తే చాలు, నీది ఎగరతా ఉండాది."

"ఇది గుండెది కాదు తాతా. వెలుగుది. ఆమె చీర జరీ మీద లైటు పడి..."

"జరీ అయితే నాగజ్యోతి చీరకు ఇంకా ఉండాది. దానికి ఎగరలేదే."

మంజుశ్రీ ఎప్పుడు దిగివచ్చిందో, వెనకే నిలబడి అంతా విన్నది. మొహంలో లాబ్ కనిపించింది.

"నేను మళ్లా పోతాను. నువ్వు చేతులు కట్టుకో."

కట్టుకున్నాను. ఆమె స్టేజీ మీద అటు నుంచి ఇటు నడిచింది. గీత కదల్లేదు.

"ఇప్పుడు నాబ్ మీద చెయ్యి పెట్టు."

పెట్టాను. ఆమె నడిచింది. గీత పై అంచు దాకా ఎగిరింది. నా వేళ్ల వైపు చూసుకున్నాను. మూయాల్సిన నాబ్‌ను అవి నన్ను అడక్కుండా తెరుస్తున్నాయి.

ఆమె వచ్చి తీర్పు చెప్పింది. "పెట్టెది తప్పు లేదు. లైటుది తప్పు లేదు. మా లాబ్‌లో దీన్ని ఆపరేటర్ ఎర్రర్ అంటాము. ఎందుకట్లా తిప్పినావు?"

"ఇంకొంచెం బాగా కనిపిస్తావని."

ఈ మాట కూడా వేళ్లలాగే నన్ను అడక్కుండా వచ్చింది.

బయట వాన మొదలైంది. ఐస్‌క్రీం దగ్గర క్యూ, క్యూగానే లోపలికి వచ్చేసింది. మంజుశ్రీ హ్యాండ్‌బ్యాగు తెరిచింది. పౌడరు డబ్బా ఉండాల్సిన చోట స్టిక్కర్ల చుట్ట ఉంది. పసుపుది ఒకటి చించి నా చొక్కా జేబు మీద అంటించి, బొటనవేలితో నొక్కింది.

"జాగ్రత్తగా వాడుకోవచ్చు, చక్రీ."

అన్నా అనలేదు. నేను రెండుసార్లు గుర్తుచేసుకుని చూశాను. నిజంగానే అనలేదు.

తాతకు మాత్రం ఆ గీత ఇంకా నా గుండెదే. గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం ఇంటికి రాప్పా. నీ సరంజామా అంతా తీసుకురా. మా కొడుకు, కోడలు కళ్లతో చూడాల. గీత ఎగిరితే మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడదాము. ఎగరకపోతే కాఫీ తాగి పోవచ్చు."

మంజుశ్రీ తాత ఫోను ప్లగ్ తీస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నది. "మా ఇంట్లో నాబ్ మీద చెయ్యి పెట్టగూడదు. తప్పు రీడింగ్ చూపిస్తే ఎర్ర స్టిక్కరే."

యోగేష్ అన్నను సలహా అడిగాను. డ్రోన్ కూడా పట్టుకుపో, వాళ్లింట్లో ఇంకేమైనా ఫంక్షన్లు ఉంటాయేమో అన్నాడు.

ఆదివారం దగ్గరికొచ్చేసింది. చెయ్యి పెడితే తాత ఒప్పుకుంటాడు, మంజుశ్రీ ఒప్పుకోదు. చెయ్యి తీస్తే మంజుశ్రీ మెచ్చుకుంటుంది, గీత పడుకుంటుంది, నేను కాఫీ తాగి వస్తాను. పోనీ నిజం చెబుదామంటే, గీతను ఎగరేసింది నా చెయ్యే అయినా ఆ చేతిని తిప్పింది గుండే కదా. అంటే తాత చెప్పిందే కరెక్టు. ఇది ఆయనకు ఏ భాషలో చెప్పాలి?

వాళ్ల నాన్నను తెల్లచొక్కా వేసుకుని ఆమె పక్కన నిలబడమంటే గీత దానంతటదే ఎగురుతుంది. అది కూడా మోసం కిందికే వస్తుందా? పెళ్లయినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఆ రోజు వేసుకున్న నా చొక్కా ఇంకా ఉతకలేదు. స్టిక్కరు ఊడిపోతుందని భయం.