నా రక్తం, నా ఇష్టం

“టెస్టోస్టిరాన్ ఎవరిదండీ? టెస్టోస్టిరాన్! ముందుకు రండి!”

ల్యాబ్ కౌంటర్లో ఆవిడ గొంతు హాలంతా మోగింది. పొద్దున్నే, పరగడుపున, హాలు నిండా జనం. నేను కుర్చీలో ఇంకాస్త కిందికి జారి, ఆ మగ హార్మోన్ టెస్టుతో నాకేం సంబంధం లేనట్టు గోడ గడియారం వైపు చూశాను.

వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. “ఎవరో పాపం, స్టాక్ అయిపోయినట్టుంది రా” అన్నాడొకడు.

నా పక్క కుర్చీలో అమ్మాయి లేచి నిలబడింది. చెవి వెనక జుట్టుకి తెల్లగా పిండి అంటుకుని ఉంది. వాళ్ళ వైపు తిరిగింది.

“నవ్వొచ్చిందా? నాది థైరాయిడ్, దీనిక్కూడా నవ్వండి. ఆ తాతగారిది షుగర్, దానికీ నవ్వండి. అందరిదీ అయ్యాక మీదేంటో చెప్పండి, మేమూ కాసేపు నవ్వుకుంటాం.”

కుర్రాళ్ళు ఫోన్లలో తలలు దూర్చారు. ఆమె నావైపు తిరిగి, “వెళ్ళండి, పిలుస్తున్నారుగా” అంది.

నా చెవులు భగ్గుమన్నాయి. “అది నాదని మీకెవరు చెప్పారు?”

“మీ కుర్చీ చెప్పింది. ఆవిడ అరిచినప్పుడల్లా కిందికి జారుతున్నారు. ఇంకోసారి అరిస్తే నేల మీదుంటారు.”

“నా తరఫున వకాల్తా పుచ్చుకోమని నేనడిగానా?”

“ఆకలేస్తే నాకు ఎవరి తరఫునైనా కోపమొస్తుంది. ముందు రక్తమిచ్చి రండి. మిగతా పోట్లాట తర్వాత.”

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ఏడాదిగా ఎంత పడుకున్నా నిద్ర తీరడం లేదు. ఒళ్ళు బరువెక్కింది, ఎండలోనూ చలి, దేనిమీదా ఆసక్తి లేదు. అమ్మాయిల మీద కూడా. మా టీమ్‌లో నాకు ‘నిద్రగన్నేరు’ అని పేరు పెట్టారు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఒకరోజు లిఫ్ట్ క్యాబిన్ పైకెక్కి గ్రీజు రాస్తూ రాస్తూ అక్కడే కునుకు తీశాను. కాలు అంచు దాటి గాల్లో వేలాడుతోంది. సూపర్‌వైజర్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగి, “డాక్టర్‌కి చూపించుకుని రా. అప్పటిదాకా షాఫ్ట్‌లో అడుగుపెట్టకు” అన్నాడు. వెళ్తే డాక్టరమ్మ రాసిన పరీక్షలే ఇవి.

రక్తమిచ్చి బయటికొచ్చేసరికి వేసవి వాన. మెట్ల మీద, రేకు కింద ఆ అమ్మాయి నిలబడి బన్ను తింటోంది. నన్ను చూసి ఇంకో బన్ను చాచింది.

“తీసుకోండి. మా బేకరీదే, నేనే చేశాను. తిని పోట్లాడండి, ఓపికుంటుంది.”

తీసుకున్నాను. ఇంకా వేడిగా ఉంది.

“థైరాయిడ్ అంటే ఆడవాళ్ళకొచ్చేది కదండీ? నాకూ ఆ పరీక్ష ఎందుకు రాశారో” అన్నాను.

ఆమెకి పొలమారినంత పనైంది. “మెడలో గ్రంథి మీకు లేదా? నేను టెన్త్ నుంచీ టాబ్లెట్ వేసుకుంటున్నా. క్లాసులో నిద్రపోతే టీచర్ బద్ధకం అంది, ఇంట్లో పొగరన్నారు. రక్తం చూశాక అందరూ నోరు మూసుకున్నారు.”

వాన చూరు నుంచి ఆమె భుజం మీద పడుతోంది. పక్కకి జరగమని చెప్పాలంటే ఆమె నావైపే జరగాలి. చెప్పాను. జరిగింది. ఏడాదిలో మొదటిసారి నా నిద్ర ఎటు పోయిందో తెలీలేదు.

ఆ తర్వాత రోజూ బన్ను వంకతో బేకరీకి వెళ్ళేవాణ్ణి. ఆమె నన్ను ‘లిఫ్టూ’ అనేది, నేను ‘బేకరీ’ అనేవాణ్ణి. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ సూటిగా చెప్పింది. “నీ థైరాయిడ్ బాగా మందగించింది. టెస్టోస్టిరాన్ కూడా తక్కువే. థైరాయిడ్ వల్ల అది తగ్గి ఉండొచ్చు. ముందు దీన్ని సరిచేద్దాం. కొన్ని నెలలయ్యాక అది మళ్ళీ చూద్దాం. ఈలోగా ఎవరో చెప్పారని పౌడర్లూ ఇంజెక్షన్లూ మొదలుపెట్టకు.”

ఇంటికెళ్ళేసరికి మా బావ అప్పటికే ఒక పౌడర్ డబ్బాతో రెడీగా ఉన్నాడు. డబ్బా మీద కండలవాడి బొమ్మ.

“బామ్మర్దీ, ఇది తాగు, పులివవుతావు. ఎవరికీ చెప్పకు మాత్రం. మగాడి పరువు!”

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. “నీకు దణ్ణం పెడతా, నోరు విప్పకురా. సంబంధాలు రావు.”

డబ్బా బావ చేతిలోనే పెట్టేశాను. కానీ అమ్మ మాట మాత్రం గుండెలో ముల్లులా దిగింది. బేకరీకి వెళ్ళడం మానేశాను. ఫోన్ మోగితే చూస్తూ కూర్చున్నాను. ఆమెకి ఏమని చెప్పను? ఏ మొహం పెట్టుకుని చెప్పను?

టాబ్లెట్ వేసుకుంటున్నాను కాబట్టి పైపై పనులకి రమ్మన్నారు. ఒక అపార్ట్‌మెంట్లో గ్రౌండ్ ఫ్లోర్ బటన్ల ప్లేటు విప్పుతుంటే, వెనక నుంచి గొంతు.

“ఈ లిఫ్ట్ పనిచేస్తుందా, ఇది కూడా ఫోన్ ఎత్తదా?”

చేతుల్లో పెద్ద కేక్ పెట్టెతో ఆమె.

“రిపేర్లో ఉంది” అన్నాను తలెత్తకుండా.

“ఏది, లిఫ్టా, నువ్వా? ఈ కేకు ఆరో అంతస్తుకి వెళ్ళాలి. పట్టు ఓ పక్క.”

ఇద్దరం మెట్లెక్కాం. మూడో అంతస్తుకే నాకు ఆయాసం. కూలబడ్డాను. ఆమె పెట్టెని ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

“సూటిగా చెప్పు. పిండి చేతుల పిల్లతో స్నేహం నామోషీ అనిపించిందా?”

“ఛ! అదేం కాదు.”

“మరి?”

చెప్పేశాను. థైరాయిడ్ సంగతి, రెండోది కూడా తక్కువని, అమ్మ ఏడుపు, బావ పులి పౌడర్, అన్నీ. చివరికి, “నీకు ఇంకా మంచివాడు దొరుకుతాడు” అన్నాను.

ఆమె కళ్ళు చూస్తే కేకు నా నెత్తిన పడుతుందనే అనుకున్నాను.

“పిండి పొంగకపోతే నేను పిండిని తిట్టి పారేస్తానా? నీళ్ళు చల్లగా ఉన్నాయేమో, ఈస్ట్ పాతదేమో చూస్తాను. నీ ఒంట్లో ఒకటి తగ్గింది, అంతే. నువ్వు తగ్గలేదు. నన్ను ఎవరికివ్వాలో నువ్వు డిసైడ్ చేసేస్తే ఇంక నేనెందుకు?”

“జనం నవ్వుతారు.”

“నవ్వనీ. మనం వాళ్ళ పళ్ళు బాగున్నాయో లేవో చూద్దాం.”

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆ రెండూ కలిపి ఆరో అంతస్తు దాకా మోశాను. కేకు ఒక మూల చితికింది. దానికి మాత్రం బాగా తిట్టింది.

టాబ్లెట్ మెల్లగా పట్టింది. చలి పోయింది, పొద్దున్నే మెలకువ వస్తోంది, నిద్రగన్నేరు అన్నవాణ్ణి ఒకసారి బెల్టు పట్టుకుని పైకెత్తేశాను కూడా. వర్షాకాలం మధ్యలో మా ఇంట్లో అందరం కలిసి బేకరీ వాళ్ళింటికి పెళ్ళి మాట్లాడటానికి వెళ్ళాం. దారంతా బావ పాఠం చెబుతూనే ఉన్నాడు. “నువ్వు నోరెత్తకు. నేను మాట్లాడతా.”

ఆమె నాన్నగారు రిటైరైన బస్ డ్రైవర్. టీ కప్పులు రాగానే బావ మొదలెట్టాడు.

“మావాడు ఇనుపగుండండీ! జలుబు కూడా ఎరగడు.”

వాళ్ళ పిన్ని వెంటనే అందుకుంది. “మా పిల్లా అంతే! ఒక్క మాత్ర మింగి ఎరగదు.”

నేనూ ఆమే ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె పెదవి బిగబట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను. అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు.

“మామయ్యగారూ, నాకు థైరాయిడ్ ఉంది. రోజూ టాబ్లెట్ వేసుకుంటాను. టెస్టోస్టిరాన్ కూడా తక్కువొచ్చింది, మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. ఇది మీ అమ్మాయికి తెలుసు. మీకూ తెలియాలి.”

బావ టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

“నేనూ రోజూ మింగుతాను నాన్నా, పిన్ని లెక్కలో లేదు గానీ” అంది ఆమె, గుమ్మంలోంచి.

పెద్దాయన మా ఇద్దరినీ చూశారు. “మరి ఇంతసేపూ మీరంతా ఎవరి గురించి చెప్పుకుంటున్నారు?”

ఎవరూ నవ్వలేదు. ఆయన కప్పు కింద పెట్టారు.

“పిల్లల సంగతి ఏంటి బాబూ?”

“తెలీదండీ. చాలామందికి థైరాయిడ్ సర్దుకుంటే రెండోదీ సర్దుకుంటుందన్నారు డాక్టరమ్మ. లేకపోతే దానికీ వైద్యం ఉందన్నారు. ఏదొచ్చినా మీ అమ్మాయికి మొదట తెలుస్తుంది. దాచి పెళ్ళి మాత్రం చేసుకోను. సిగ్గుపడి కూడా చేసుకోను.”

ఆయన మా బావ వైపు తిరిగారు.

“నేను ముప్పై ఏళ్ళు బస్సు నడిపానండీ. ‘బ్రేకులు బ్రహ్మాండం, వెళ్ళు’ అన్న మెకానిక్‌ని ఏనాడూ నమ్మలేదు. ‘కొంచెం మెత్తగా ఉన్నాయన్నా, చూసుకో’ అన్నవాడి మాట మీదే బండి నిండా జనాన్ని ఎక్కించుకున్నాను.” నా భుజం మీద చెయ్యి వేశారు. “కూర్చో. టీ చల్లారిపోతోంది.”

అమ్మ కొంగు మళ్ళీ కళ్ళకి వెళ్ళింది. ఈసారి ఆపమని అనబుద్ధి కాలేదు.

పెద్దవాళ్ళు మాటల్లో పడ్డాక ఇద్దరం బాల్కనీలోకి వచ్చాం. చినుకులు మొదలయ్యాయి.

“రెండో పరీక్ష వచ్చేవారం” అన్నాను. “అది చూశాక నువ్వు ఆలోచించుకోవాలంటే...”

“దాన్ని చూసి డాక్టర్ ఆలోచిస్తుంది. నాది మెట్ల మీదే అయిపోయింది.” రెయిలింగ్‌కి ఆనుకుని నన్ను చూసింది. “ఇందాక లోపల అందరికీ అన్నీ చెప్పావు. నాకు చెప్పాల్సింది ఒకటుంది. అది మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.”

“ఇక్కడా? ఎదురింటావిడ మేడ మీదుంది, ఆరేసిన బట్టలు తీస్తోంది.”

“ఉంటే?”

నిజమే. ఉంటే?

“నువ్వంటే నాకు ప్రాణం!” అన్నాను. వాన చప్పుడుని మించి వినపడాలని కాస్త గట్టిగానే అన్నాను. ఎదురు మేడ మీద ఆవిడ చేతిలో దుప్పటితో ఆగిపోయి మావైపు చూసింది.

చూడనీ. ఇంకోసారి చెప్పాను.