నలభై అయిదు నిమిషాల బ్రేకు

అద్దంలో రెండు లైట్లు.

పది నిమిషాల నుంచీ అవే రెండు లైట్లు!

కారుచీకట్లో కారు. నల్లది. తొందరున్న కారైతే ఎప్పుడో దాటిపోవాలి. తొందర లేనిదైతే వెనకబడాలి. ఇది రెండూ చెయ్యడం లేదు... అప్పులవాడిలా అంటిపెట్టుకుంది.

రూళ్ళకర్ర ఆక్సిలరేటరు తొక్కుతాడు.

ముల్లు ఎనభై దగ్గర ఆగుతుంది. లారీ ఇంకా పోగలదు. రూళ్ళకర్రే పోనివ్వడు. రోడ్డు పక్క బోర్డు మీద ఎనభై అని రాసుంది మరి.

తోటి డ్రైవర్లు అతని అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. పద్దెనిమిదేళ్ళ డ్రైవింగులో ఒక్క రూలు తప్పలేదు గనక రూళ్ళకర్ర అన్నారు. మనిషి కూడా అలాగే ఉంటాడు. నిటారుగా, సన్నగా. విరిచెయ్యచ్చు గాని వంచలేం.

పక్క సీట్లో ముసలాయన. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, పసిపిల్లని పట్టుకున్నట్టు.

లారీల లోకం ఆయన్ని సంతకం తాత అంటుంది.

"వాళ్ళేనా బాబూ?"

"వాళ్ళే. మీరు వెనక్కి చూడకండి."

టైము మూడూ యాభై. పొద్దున్న తొమ్మిదికల్లా ఈ ముసలాయన్ని ప్రాణాలతో రవాణా ఆఫీసరు ముందు కూర్చోబెట్టాలి. ఆ ఆఫీసు గుమ్మంలో ఈ లారీని నిలబెట్టాలి. అప్పుడే రూళ్ళకర్ర అక్క పెట్టబోయే కంపెనీకి లైసెన్సు.

ఒకే ఒక్క లారీ ఉన్న కంపెనీ! దానికి లారీడు కాయితాలు. ఇన్సూరెన్సు. పొగ పరీక్ష. రాత్రిళ్ళు బండి నిలిపే స్థలానికి అగ్రిమెంటు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని పేపర్లో ప్రకటన. దరఖాస్తుకి దరీ లేదు, దాపూ లేదు. లైసెన్సులో ముందు లై ఉంది, వెనక సెన్సు ఉంది, జనం ముందుదానితోనే పని కానిచ్చేస్తారని అక్క జోకు.

అన్నింటికన్నా ముఖ్యం, మనిషి. పరీక్ష పాసైన రవాణా మేనేజరు. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని నెలనెలా చూసి సంతకం పెట్టాల్సినవాడు. అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్క. అందుకే వాళ్ళు పేర్లు అద్దెకిస్తారు, ఖాళీ గది అద్దెకిచ్చినట్టు.

తాత పేరు ఇరవై ఏళ్ళుగా ఒకే ఓనరు దగ్గర అద్దెకుంది. ఆ ఓనరుకి నలభై రెండు లారీలు. నలభై రెంటికీ తాత సంతకమే.

చట్టం మాత్రం ఒక మేనేజరుకి ఒకటే కంపెనీ అంటుంది. అక్క కంపెనీకి మేనేజర్ని నేనేనని తాత ఇవాళ ఆఫీసరు ముందు అన్నాడా... ఆ నలభై రెండు లారీలూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి.

అందుకే వెనక ఆ కారు.

బీప్!

తాత ఉలిక్కిపడతాడు.

డాష్‌బోర్డు మీద చిన్న డబ్బా. ఎర్రగా మెరుస్తోంది. రూళ్ళకర్ర దానికేసి చూసి, ఇండికేటరు వేస్తాడు.

బండి ఎందుకు స్లో చేస్తున్నావని తాత అడుగుతాడు. విశ్రాంతి టైమని ఇతను చెబుతాడు. తాత కారుని ఒకసారి, ఇతన్ని ఒకసారి చూస్తాడు. వెనక చావు తరుముతుంటే విశ్రాంతి ఏమిటంటాడు.

కాని ఆ డబ్బా తలకాయలేని గుమాస్తా. చావు వచ్చిందా, చుట్టం వచ్చిందా దానికి అనవసరం. నాలుగున్నర గంటలు నడిపితే నలభై అయిదు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే రాసేస్తుంది. తొమ్మిదింటికి ఆఫీసరు ముందుగా తెరిచేది దాని రికార్డే. డ్రైవరు బ్రేకు తీసుకోకపోతే లైసెన్సుకి బ్రేకు!

లారీ రెస్టు యార్డులోకి తిరుగుతుంది.

కారు కూడా తిరుగుతుంది.

* * *

యార్డు నిండా తెల్లటి లైట్లు. స్తంభాల మీద కెమెరాలు. గాజు గదిలో వాచ్‌మన్. నిద్రపోతున్న లారీలు ఓ పదిహేను. ఇక్కడ కాల్చరు. ఇంతమంది సాక్షుల మధ్య ఎవడూ కాల్చడు.

రూళ్ళకర్ర ఇంజను ఆపి, రెండు తలుపులూ లాక్ చేస్తాడు.

నలభై అయిదు... నలభై నాలుగు...

కారులోంచి ఒకడు దిగుతాడు. చేతిలో కాఫీ కప్పు. చల్లనాయన! నలభై రెండు లారీల ఓనరుకి కుడి భుజం. గొంతెత్తడు, తిట్టడు, చెమట పట్టదు. ఆ మనిషి అడ్డొచ్చినవాళ్ళు మాత్రం చల్లబడిపోతుంటారు.

డ్రైవరు కిటికీ దగ్గరకొచ్చి, వేలితో టకటక.

రూళ్ళకర్ర అద్దం నాలుగు వేళ్ళ మందం దింపుతాడు.

చల్లనాయన తీరిగ్గా మొదలుపెడతాడు. పిల్లల చదువులడుగుతాడు. అక్క ఆరోగ్యమడుగుతాడు. కొత్త కంపెనీకి లోడ్లు తామే ఇస్తామంటాడు. వేరే మేనేజర్ని, వయసులో ఉన్నవాణ్ణి, ఎల్లుండికల్లా చూపిస్తామంటాడు. చెయ్యాల్సిందల్లా ముసలాయన్ని ఇక్కడ దింపి వెళ్ళిపోవడమే. నవ్వు మాత్రం న్యూట్రల్లోనే ఉంటుంది, ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

రూళ్ళకర్ర అడ్డంగా తలాడిస్తాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ అడ్డంగా తల. పావుగంట గడుస్తుంది. ఇంత తియ్యగా, ఇంతసేపు, ఒకే కిటికీ దగ్గర ఎందుకు మాట్లాడుతున్నాడో రూళ్ళకర్రకి తట్టదు.

చివరికి చల్లనాయన వంగి, పక్క సీటు వైపు చూస్తాడు.

"తాతా, నువ్వెవరి బండెక్కావో తెలుసా? రెండేళ్ళ కింద దిగుడు రోడ్డులో మన లారీ ఒకటి లోయలో పడింది చూడు. ఆ డ్రైవరు బామ్మర్ది వీడు. ఆఫీసరు ముందు నీ చేత నిజం కక్కించి, అటునుంచటే జైలుకి పంపుదామని తీసుకెళ్తున్నారు. వయసైపోయినవాడివి, ఆలోచించుకో."

కాఫీ చివరి గుక్క తాగి, కప్పు చెత్తబుట్టలో వేసి, కారెక్కుతాడు.

కారు యార్డు దాటి వెళ్ళిపోతుంది!

డబ్బా మీద అంకెలు మారుతున్నాయి. ఇరవై రెండు... ఇరవై ఒకటి...

"నిజమేనా బాబూ?"

రూళ్ళకర్రకి అబద్ధం చేతకాదు.

"నిజమే. ఆ నెల కాయితంలో బ్రేకులు బాగున్నాయని ఉంది. సంతకం మీది. బండి బాగున్నాక తప్పు డ్రైవరుదే గదా. మా బావ కునికాడని రాసి, కేసు మూసేశారు."

"ఆ బండి నేను చూళ్ళేదు," అంటాడు తాత. "ఏ బండీ చూళ్ళేదు. నెలకోసారి కాయితాల కట్ట ఇంటికి పంపేవాళ్ళు. టీవీ చూస్తూ పెట్టేసేవాణ్ణి."

"ఆ మాటే ఆఫీసరు ముందు చెప్పండి."

"చెబితే జైలేనా?"

"జైలే."

తాత తలుపు లాక్ తీస్తాడు. పారిపోతున్నాడు! ఇంతదూరం వచ్చి...

కాని ముసలాయన మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, టార్చి ఉందా అని అడుగుతాడు. మీ అక్క కంపెనీ కాయితం మీద సంతకం పెట్టాలి గదా అంటాడు. చూసి పెడతానంటాడు.

* * *

డెబ్భై ఒక్కేళ్ళ ఒళ్ళు సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని లారీ కిందికి జరుగుతుంది. ముందు చక్రం. వెనక చక్రం. టార్చి వెలుగు అంగుళం అంగుళంగా పాకుతుంది. పరీక్ష పాసైన రోజుల్లో నేర్చిన పని చేతులు మరిచిపోలేదు.

వెలుగు ఒక్కచోట ఆగిపోతుంది.

"బాబూ... ఇటు రా."

బ్రేకు పైపు. సన్నటి కోత. బ్లేడుతో గీసినంత. దాంట్లోంచి ఆయిల్ బొట్టు... బొట్టు... బొట్టు.

రూళ్ళకర్రకి అప్పుడు తెలుస్తుంది. పైన ఒకడు తియ్యగా మాట్లాడుతుంటే, కింద ఇంకొకడు తీరిగ్గా కోశాడు! ఎదర ఏడు కిలోమీటర్ల దిగుడు. నాలుగు తొక్కుళ్ళు పనిచేస్తుంది. అయిదోది పనిచెయ్యదు. మళ్ళీ లోయ. మళ్ళీ కునికాడన్న రిపోర్టు. తాతా ఉండడు, తాత మాటా ఉండదు.

గేటు బయట, చెట్ల నీడలో, లైట్లు ఆర్పేసిన నల్ల కారు. పోలేదు. ఈ బండి దిగుడు పట్టేదాకా కాపు కాస్తోంది.

తాత లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఫైలు తెరుస్తాడు. తనిఖీ కాయితం తీసి టైరు మీద ఆనించి రాస్తాడు. బ్రేకులు: పనికిరావు. బండి కదలరాదు. తేదీ. టైము. సంతకం.

ఇరవై ఏళ్ళలో ఆయన పనికిరావు అని రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకరగా పడ్డాయి, సంతకం తోక మాత్రం ఎప్పటిలాగే రెండుసార్లు మెలి తిరిగింది.

రూళ్ళకర్ర అక్కకి ఫోన్ చేస్తాడు. మూడు ముక్కల్లో చెబుతాడు. అక్క వెంటనే తేల్చేస్తుంది.

"బండి వదిలెయ్. మనిషిని తీసుకురా."

"బండి చూపించకపోతే లైసెన్సు ఇవ్వరక్కా."

"లైసెన్సుకి మళ్ళీ పెట్టుకుందాం రా. ఆయన నోరు మళ్ళీ దొరకదు."

* * *

క్యాబిన్‌లో లైటు అలాగే వెలుగుతోంది. బయటినుంచి చూసేవాడికి లోపల ఇద్దరూ ఉన్నట్టే.

వాళ్ళు మాత్రం లారీల వెనకనుంచి నడుస్తున్నారు. వంగి. గోడ వారగా.

యార్డు ఆ చివర ఒక లారీ ఇంజను వేడెక్కుతోంది. ఇనుప కమ్మీల లోడు. డ్రైవరు ఈల వేసుకుంటూ అద్దం తుడుస్తున్నాడు. పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు, మా బండి ఆగిపోయింది, దిగుడు దాటించమని రూళ్ళకర్ర అడుగుతాడు. సగం నిజం, సగం అబద్ధం. పద్దెనిమిదేళ్ళలో మొదటిది. నాలుక తడబడుతుంది.

ఈలల డ్రైవరు ముసలాయన మొహం చూసి, మరో మాట అడక్కుండా చెయ్యి అందిస్తాడు.

గేటు. వాచ్‌మన్. చెట్ల నీడ. ఇద్దరూ సీటు కిందికి కూలబడతారు.

ఒకటి... రెండు... మూడు...

నల్ల కారు కదలదు. వాళ్ళ చూపంతా లోపల వెలుగుతున్న క్యాబిన్ మీదే.

దాటేశారు!

రూళ్ళకర్ర లేచి కూర్చుంటాడు. నవ్వు రాదుగాని, పళ్ళ బిగింపు వదులుతుంది. టైము నాలుగూ నలభై. ఇంకా నాలుగు గంటల పైనే ఉంది. తాత పెదవులు కదులుతున్నాయి. ఆఫీసరు ముందు చెప్పబోయేది లోలోపల వల్లెవేసుకుంటున్నాడు. చూళ్ళేదు. ఏ బండీ చూళ్ళేదు...

రోడ్డు ముక్కు కిందికి వంచుతుంది. దిగుడు మొదలు.

ఈలల డ్రైవరు కబుర్ల మనిషి. ఈ ఉద్యోగంలో చేరి నాలుగే రోజులయిందట. ఇంతకుముందు తను పనిచేసినచోట కాయితాల్లేకుండా బళ్ళు తిప్పేవాళ్ళట, పోలీసుని చూస్తే గుండె దడట. ఇప్పుడా బాధ లేదట. అన్నీ పక్కా.

మొదటి మలుపు. బండి అడ్డంగా ఊగుతుంది. ముందున్న కాయితాల కవరు జారి తాత ఒళ్ళో పడుతుంది.

ఆయన ఊరికే ఉండలేడు. ఇందాకటి నుంచీ చూడ్డం అలవాటైంది. టార్చి వేసి, కవరు తెరుస్తాడు.

తనిఖీ కాయితం. పోయిన వారానిది.

బ్రేకులు: బాగున్నాయి. టైర్లు: బాగున్నాయి. స్టీరింగు: బాగుంది.

కింద సంతకం.

చివరి తోక రెండుసార్లు మెలి తిరిగి ఉంది. లోకంలో అలా మెలి తిప్పేవాడు ఒక్కడే.

తాత కాయితాన్ని రూళ్ళకర్ర ముందుకి జరుపుతాడు.

రూళ్ళకర్ర కాయితం చూస్తాడు. తాత మొహం చూస్తాడు. ఏదో కాలుతున్న వాసన అప్పుడు తగులుతుంది ముక్కుకి. చక్రాల దగ్గర్నుంచి.

"తమ్ముడూ, మీ ఓనరుకి బళ్ళెన్ని?"

"నలభై రెండన్నా."

రెండో మలుపు. బండి వేగం తగ్గలేదు. పెరిగింది.

"బండి ఆపు నాయనా," అంటాడు తాత. "గోడకి రాయించయినా సరే, ఆపు."

ఈలల డ్రైవరు నవ్వుతాడు. కొత్తవాళ్ళకి ఈ దిగుడంటే ఎప్పుడూ భయమేనంటాడు. బ్రేకు మీద కాలు వేస్తాడు.

"దేనికి పెద్దాయనా భయం? బ్రేకులు బాగున్నాయని పెద్దమనిషెవరో చూసి మరీ సంతకం పెట్టాడుగా."

పెడల్ కిందికి పోతుంది... ఇంకా కిందికి...

నేలకి తగులుతుంది.

పైకి రాదు.