సి షిఫ్ట్ ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు

“గట్టిగా సెప్పండి బాబూ! మీకంటే ఆ ఫ్యానే నయం, సప్పుడైనా సేత్తాది.”

నాగవంశీ మూడోసారి చెప్పాడు. ఈసారీ మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది. గాజువాక మెయిన్ రోడ్డు మీద ఉంది ఆ కంప్యూటర్ షాపు. తలుపుల్లేవు, షట్టరే. ఆటోలు, సిటీ బస్సులు, పక్కనే చెరుకురసం మిషను. వాటన్నిటినీ దాటుకుని కౌంటరు అవతలి అమ్మాయి చెవిన పడాలంటే మనిషికి కనీసం కోపమైనా రావాలి. వంశీకి కోపం బదులు సిగ్గు వచ్చింది.

మాట్లాడ్డం మానేసి, పత్రికలోంచి చింపి తెచ్చిన కాగితాన్ని కౌంటరు మీద పెట్టాడు.

“ఐరన్ హాలో,” ఆమె షాపంతా వినేలా చదివింది. “పై నెల వత్తాదంట. ఓలమ్మో! ఇది ఆటేనా, రాకెట్టా? మీ మిషన్‌లో ఏటున్నాయి?”

చెప్పాడు. ఆమె కౌంటరు మీదకి వంగి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని వింది. అంత దగ్గరగా వంగడంతో అతను సగంలో మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది.

“ర్యామ్ సాలదు. గ్రాఫిక్స్ కార్డు నేదు. కార్డెడితే దానికి కరెంటు సాలదు, పవర్ సప్లై మార్సాలి. మరి స్పీకర్లో?”

“వద్దు.”

“ఇంట్లో ఉన్నాయేటి?”

“లేవు. వద్దు.”

ఆ ఒక్క మాటా ఆమెకి తేటగా వినబడింది. “సొరంగంలో సీకట్లో, సప్పుడు బట్టి దారెతుక్కోవాలని ఇక్కడే రాసారు కదండీ! స్పీకర్లు నేకండా ఎలగెల్తారు?”

“చూసుకుంటూ.”

“సీకట్లోనా?”

లోపల్నుంచి ఓనరు గురునాథరావు “వరాలూ!” అని పిలవకపోతే ఆమె ఇంకా అడిగేదే. వరహాలు అన్నమాట ఈమె పేరు. బస్సులో ఉక్కునగరం, అంటే స్టీల్ ప్లాంటు క్వార్టర్లకి తిరిగొస్తూ వంశీ ఆ పేరుని మనసులో రెండు మూడుసార్లు అనుకున్నాడు. మనసులో అనుకున్నా అది గట్టిగానే వినబడింది.

*

వంశీ వాళ్ళ క్వార్టరు గేటు మీద తువ్వాలు వేలాడుతుండేది. నాన్న అచ్యుతరామయ్య సి షిఫ్ట్ చేసి, అంటే రాత్రంతా బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఉండి వచ్చి, పగలు పడుకున్నాడని దానికి అర్థం. ఆ తువ్వాలు కనిపిస్తే కూరగాయల గంగాలమ్మ కూడా కేక మింగేసి వెళ్ళేది. అమ్మ కామేశ్వరి కుక్కరు విజిల్ వేయకముందే స్టవ్ కట్టేసేది. పెళ్ళైన కొత్తలో గోదావరి వైపు నుంచి ఇక్కడికొచ్చి, భర్త ఎర్రబడ్డ కళ్ళు చూసి ఆమె పెట్టుకున్న నియమం అది.

సి షిఫ్ట్ వారాల కోసం మొదలైన ఆ నిశ్శబ్దం మెల్లగా మిగతా వారాలకీ పాకింది. ఎవరూ గమనించలేదు. తువ్వాలు లేని రోజుల్లో కూడా ముగ్గురూ గుసగుసగానే మాట్లాడుకునేవారు. వాన పడితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు కాబట్టి, ఆ కాసేపూ ఇల్లు మామూలు గొంతుతో మాట్లాడేది. చిన్నప్పుడు వంశీ పాటలన్నీ వానలోనే పాడుకున్నాడు.

స్పీకర్లు లేకుండా ఆడిన ఇన్నేళ్ళ ఆటల్లో అతను కాల్చిన తుపాకులు ఒక్కటీ పేలలేదు. కార్లన్నీ మెత్తగా గుద్దుకున్నాయి. శత్రువు నీడ గోడ మీద కదిలితే చాలు, పట్టేసేవాడు. మనుషుల్ని కూడా అలాగే చూడ్డం అలవాటైంది. కనుబొమలు, వేళ్ళు, నడక చూసి చెప్పగలననుకునేవాడు.

వరహాలు దగ్గర మాత్రం ఆ విద్య పనిచేయలేదు. ఆమె తిడుతున్నప్పుడు నవ్వుతుంది, నవ్వుతున్నప్పుడు కళ్ళు చిట్లిస్తుంది. కోపమా, సరదానా అని తేల్చుకునేలోపు ఇంకో కస్టమరు వైపు తిరిగిపోతుంది.

ర్యామ్ కోసం వెళ్ళాడు. క్వార్టర్ల సెక్టార్ పిల్లలకి లెక్కలు చెప్పిన డబ్బులు పోగయ్యాక పవర్ సప్లై కోసం వెళ్ళాడు. ఆ రోజు వాన. షాపు రేకుల మీద దడదడా కొడుతోంది. ఎన్నేళ్ళ అలవాటో, వంశీ గొంతు దానంతటదే పెరిగింది.

“మీది ఏ ఊరండీ?” అన్నాడు.

ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. “ఓలమ్మో, మాట వత్తాదేటి మీకు! పద్మనాభం దగ్గర మాది. పొలంలో మా అయ్య ఆ గట్టు మీద, నాను ఈ గట్టు మీద. అన్నానికి పిలవాలంటే కేకే. అలగ పెద్దదైపోనాది గొంతు. ఇక్కడ మా పిన్ని రోజూ తిడతాది, ఆడపిల్లవేనా అని.”

“బావుంటుంది,” అన్నాడు వంశీ.

సరిగ్గా అప్పుడే వాన ఆగిపోయింది. ఆ మాట షాపు మధ్యలో ఒంటరిగా నిలబడిపోయింది. ఆమె తల వంచుకుని, బిగిసిన స్క్రూనే మళ్ళీ బిగించింది.

*

“ఒరే బావా, సూటిగా అడుగుతన్నాను,” అన్నాడు స్నేహితుడు నరేష్, సెక్టారు మలుపులో టీ తాగుతూ. “నీకు కావాల్సింది గేమా, ఆ షాపులో గుంటా?”

“గేమే.”

“మరి పవర్ సప్లై, కార్డు ఒకేసారి కొనకండా ముక్కముక్కగా ఎందుకు కొంతన్నావ్?”

“డబ్బుల్లేక.”

“నిజమేనా?”

నిజమే. కానీ డబ్బులుండి ఉంటే? ఆ ప్రశ్న దగ్గర వంశీకి ఎప్పుడూ తల తిరిగేది. తన లోపలే ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నట్టు, ఒకడి సంగతి ఇంకొకడికి తెలియనట్టు అనిపించేది. ఆమె ఎదురుగా ఉంటే గేమ్ గుర్తుండదు. ఇంటికొచ్చి గేమ్ బొమ్మ చూస్తుంటే ఆమె కళ్ళు చిట్లించడం గుర్తొస్తుంది. రేపు మిషను పూర్తయిపోతే ఇక షాపుకి వెళ్ళడానికి పనే ఉండదని తట్టినప్పుడు మాత్రం ఆ ఇద్దరూ కలిసే దిగులుపడేవాళ్ళు.

కార్డు కూడా వచ్చింది. వరహాలే బిగించింది. “ఇంక మీ మిషను సింహం,” అంది. ఇంకేదో అనబోయి బిల్లు చింపి ఇచ్చింది.

ఇంట్లో స్విచ్ వేయగానే సింహం నిజంగానే గర్జించింది. కార్డు మీది ఫ్యాను గుయ్యిమని అందుకుంది. ఈ ఇంట్లో అంత పెద్ద శబ్దం పుట్టడం అదే మొదటిసారి. గేటు మీద తువ్వాలుంది. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ గాల్లో ఆడించింది. వంశీ స్విచ్ కోసం తడుముకునేలోపే నాన్న గది తలుపు తెరుచుకుంది.

అచ్యుతరామయ్య లుంగీతో గుమ్మంలో నిలబడ్డాడు. కంప్యూటర్ కేబినెట్ వైపు కాసేపు చూశాడు. ఏమీ అనలేదు. వెళ్ళి పడుకున్నాడు. వంశీ గబగబా స్విచ్ ఆపేశాడు.

ఆ ఏమీ అనకపోవడాన్ని తల్లీకొడుకులు సాయంత్రం దాకా మోశారు.

మర్నాడు కేబినెట్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో గాజువాక వెళ్తుంటే, తను ఈల వేస్తున్నట్టు వంశీ గమనించాడు. నోరు మూసుకున్నాడు. నాన్న నిద్ర పాడు చేసి, డబ్బు తగలేసి, ఈల దేనికి?

వరహాలు మిషను ఆన్ చేసి వింది. “ఏటీ అవనేదే! ఈ కార్డు ఫ్యాను ఇలగే తిరుగుతాది.”

“శబ్దం ఎక్కువగా ఉంది.”

“రోడ్డు మీద దీని సప్పుడు మీకినబడతన్నాదా?”

“ఇక్కడ కాదు. ఇంట్లో.”

“స్పీకర్లొద్దు. ఫ్యాను సప్పుడొద్దు. మాట్లాడితే మీ మాట మీకే వినబడదు.” ఆమె గొంతు లేచింది. షాపులో ఇంకో ఇద్దరున్నారు, గురునాథరావు తలెత్తాడు. “మిషన్‌కి ఏటీ నేదండి. మీరు ఊరికే వత్తన్నారు.”

ఆమె కళ్ళు చిట్లించి అతని మొహంలోకే చూస్తోంది. దేనికోసమో చూస్తోంది. దేనికో వంశీకి అర్థం కాలేదు.

ఫ్యాను శబ్దం నిజం. నాన్న లేవడం నిజం. ఆటోలో ఈల కూడా నిజమే. అన్నీ నిజాలే అయినప్పుడు ఏది జవాబు? అందరి ముందూ చొక్కా విప్పేసినట్టు అయింది అతనికి. కేబినెట్‌ను అక్కడే వదిలేసి రోడ్డు మీదకి వచ్చేశాడు.

గేమ్ విడుదలైంది. నరేష్ సీడీ తెచ్చి చేతిలో పెట్టాడు. వంశీ దాన్ని ఖాళీ బల్ల మీద, కేబినెట్ ఉండాల్సిన చోట పెట్టి ఊరుకున్నాడు.

*

ఆటో వీధి మొగలోనే ఆగిపోయింది. కేబినెట్‌ను చంకనెత్తుకుని, బిల్లు మీది అడ్రసు పట్టుకుని నెంబర్లు చూసుకుంటూ వచ్చిన వరహాలు, గేటు ముందు నిలబడి గుండె నిండా ఊపిరి పీల్చింది. కేక బయటికొచ్చేలోపు ఎవరో చెయ్యి పట్టుకు లాగారు.

గంగాలమ్మ. తలమీద వంకాయల గంప. “అరవకే తల్లీ,” అంది గాలి గొంతుతో. “తువ్వాలు సూడు. సి షిఫ్ట్. ఆ బాబు పడుకున్నాడు. ఈ ఇంట్లో గిన్నె కూడా సప్పుడు సెయ్యదు.”

వరహాలు తువ్వాలు వైపు చూసింది. తర్వాత చంకలోని కేబినెట్ వైపు చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది.

కిటికీలోంచి ఇదంతా కనిపించి వంశీ మెట్ల మీదికి వచ్చాడు. కేబినెట్ అందుకోబోతే ఆమె ఇవ్వలేదు, మెట్టు మీద దింపింది.

“సెప్పొచ్చు కదా,” అంది. అది ఆమెకి గుసగుస. మామూలు మనుషులకి మామూలు మాట. వంశీ భయంగా లోపలికి చూశాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. “మా ఇంట్లో నాన్న పగలు పడుకుంటారు, సప్పుడవకూడదు అని ఒక్క ముక్క సెప్తే నాను అలగ అందునా?”

“మీరన్నది తప్పేం కాదు.”

“ఏటి?”

ఆమెకి వినబడలేదు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఒక మెట్టు ఎక్కింది. మొదటి రోజు వంగినంత దగ్గర.

“ఫ్యాన్ శబ్దం చేసింది,” అన్నాడు వంశీ. “నాన్న లేచారు. నేను భయపడ్డాను. కానీ శబ్దం చేసినందుకు సంతోషం కూడా వేసింది, మళ్ళీ రావచ్చని. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకే తెలీదు. అందుకే ఏం చెప్పాలో...”

వరహాలు చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది.

“మరి నానేటనుకున్నాను?” అంది చివరికి. ఆ మాట నిజంగానే గుసగుసగా వచ్చింది. “ఊరికే వత్తన్నారు అంటే, అవును అంతారనుకున్నాను. అందుకే అన్నాను. నువ్వేమో ఎల్లిపోనావ్.”

‘మీరు’ ఎక్కడ జారిపోయిందో ఆమె చూసుకోలేదు. వంశీ చూశాడు. ఆ రోజు ఆమె చిట్లించిన కళ్ళు ఏం వెతికాయో ఇప్పుడు తెలిసింది. చెవులతో వినాల్సిన దాన్ని ఇన్నాళ్ళూ కళ్ళతో చూసుకుంటూ తిరిగాడు.

“ఒరేయ్ వంశీ!” లోపల్నుంచి నాన్న గొంతు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. “ఎవర్రా? ఆ గుసగుసలేంటి? నిద్ర చెడగొట్టడానికి గుసగుసను మించింది లేదు. లోపలికి రమ్మను.”

కామేశ్వరి వంటింట్లోంచి కంగారుగా వచ్చింది. “లేపేశారా! ఎవరమ్మా నువ్వు?”

“షాపునుంచండీ. వరహాలు. మిషను తెచ్చాను,” అని నాలిక కరుచుకుంది వరహాలు. గొంతు మామూలైపోయింది, అంటే గోడలు అదిరాయి.

అచ్యుతరామయ్య మంచం మీద లేచి కూర్చుని ఆమెని తేరిపార చూశాడు. “బావుందమ్మా గొంతు. మా ఫర్నేస్ మీద పనికొస్తావ్. ఆ గర్జించేది ఇదేనా? పెట్టు చూద్దాం.”

“నాన్నా, శబ్దం...”

“శబ్దమైతే ఏంటిరా? ఫర్నేస్ దగ్గర రాత్రంతా గాలి కొట్టే బ్లోయర్ హోరులోనే ఉంటాను. అది మోగినంతసేపూ మాకు నిశ్చింత. అది ఆగిందంటే ఏదో పాడైందని అందరం పరిగెత్తాలి. ఇంటికొచ్చి పడుకుంటే ఇక్కడ ఎప్పుడూ ఆగిపోయినట్టే ఉంటుంది. ఉలిక్కిపడి లేస్తుంటాను. మొన్న ఇది మోగితే, అబ్బా, ఏంటా అని చూసెళ్దామని వచ్చాను. ఆ హోరులో నిద్రపోదామని వెళ్ళి పడుకుంటే ఆపేశావ్.”

కామేశ్వరి గుమ్మం పట్టుకుంది. “ఇన్నేళ్ళూ? మరి ఒక్కసారైనా చెప్పలేదేమండీ?”

“నా కోసం మీరంత జాగ్రత్తగా కాలి వేళ్ళ మీద నడుస్తుంటే ఎలా చెప్పమంటావే? బాధపడతావనీ...”

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి స్టవ్ వెలిగిన చప్పుడు, ఆ తర్వాత కుక్కరు విజిల్. అది ఆగలేదు, ఆమె ఆపలేదు. రెండోది కూడా వచ్చింది. మూడోది వచ్చాక కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, గేటు మీద తువ్వాలు తీసి భుజాన వేసుకుంది.

“అన్నం తినేసి వెళ్ళమ్మా,” అంది వరహాలుతో, దాదాపు మామూలు గొంతుతో.

వరహాలు వైర్లు కలిపింది. వంశీ సీడీ పెట్టాడు. ఫ్యాను హోరు అందుకుంది. తెర మీద చీకటి సొరంగం మెల్లగా తెరుచుకుంటూ ఉండగానే, పక్క గదిలోంచి గురక మొదలైంది.

“స్పీకర్లు?” అంది వరహాలు, తెర వైపే చూస్తూ.

“కావాలి.”

“రేపు షాపుకి రావాలి మరి. మా ఓనరు అడుగుతాడు, మళ్ళీ ఎందుకొచ్చాడని. ఏటి సెప్తావ్?”

వంశీ ఈసారి తన లోపలి ఇద్దరినీ అడగలేదు.

“ఊరికే!” అన్నాడు.

ఆ గొంతు ఎంత పెద్దదో అతనికే తెలియదు. కిటికీ అవతల, వీధిలో వెళ్తున్న గంగాలమ్మ గంప పట్టుకుని గిరుక్కున తిరిగి, నోటి మీద వేలు పెట్టి కోపంగా గేటు వైపు చూపించబోయింది. గేటు మీద ఏమీ లేదు. ఒకటికి రెండుసార్లు చూసుకుని, గొంతు సవరించుకుని, సి షిఫ్ట్ వారంలో ఆ ఇంటి ముందు మొదటిసారిగా కేకేసింది.

“వంకాయలో!”