వెనక జేబులో కార్డు

"కళ్ళు తెరుచుకుని ఉంటే చాలు. మనవాడే నిన్ను పలకరిస్తాడు," అన్నాడు బాసు. "అతిథి దేశపు బృందంలో ఉన్నాడు. కోడ్ నేమ్ కొంగ. పేరూ మొహం నాకే తెలీదు. ఇవాళ ఒప్పందం సంతకాల్లో, దాన్ని చెడగొట్టాలని చూస్తున్న ముఠా ఎక్కడ దెబ్బ కొడుతుందో అతనొక్కడికే తెలుసు."

ఏజెంట్ డేగ నవ్వాడు. కళ్ళు తెరుచుకోమని అతనికి ఒకరు చెప్పాలా! కళ్ళజోడులో కెమెరా, వాచీలో జామర్, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్.

వేషం పరిశ్రమల శాఖ డిప్యూటీ డైరెక్టరుది. దానికి తగ్గ మర్యాదలు నేర్పింది ప్రోటోకాల్ ఆఫీసరు. ఆవిడ డేగకు సొంత అక్క.

"ఆ అతిథులు విజిటింగ్ కార్డిస్తే రెండు చేతులతో అందుకో. రెండు వైపులా చదువు. బల్ల మీద ఎదురుగా పెట్టుకో. జేబులో కుక్కావో, ఆ మనిషిని అవమానించినట్టే."

"అక్కా, నేను వెళ్ళేది ముఠాను పట్టడానికి, అట్టముక్కలు చదవడానికి కాదు."

"నీ ఇష్టంరా. నా పరువు మాత్రం తియ్యకు."

పదకొండింటికి కాన్ఫరెన్స్ హాలు నిండింది. చిప్పుల ఫ్యాక్టరీ, విద్యార్థుల రాకపోకలు, రెండు భాషల్లో పుస్తకాలు... ఇరవై ఏళ్ళ స్నేహమంతా ఆ బల్ల మీదికి వచ్చింది. గుమ్మం దగ్గర అతిథుల దుబాసీ, ముత్యాల హారం మేడమ్, పరిచయాలు చేస్తోంది. ఆవిడ నవ్వితే డేగకు వాచీలో జామర్ కూడా గుర్తుండలేదు.

బృందంలోని ముసలి ఇంజినీరు నడుం వంచి, రెండు చేతులతో కార్డు చాచాడు. డేగ చూపు ముత్యాల మీదే ఉంది. ఒంటిచేత్తో లాక్కున్నాడు, వెనక జేబులో దోపాడు, వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు.

ఇరవై నిమిషాలు గడిచాయి. కొంగ జాడ లేదు. ఎదుట ఆ ముసలాయన మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. డేగకు అనుమానం వచ్చి, కళ్ళజోడుతో మూడు ఫొటోలు తీశాడు.

మేడమ్ వెల్వెట్ పెట్టె తెరిచి మన కార్యదర్శి ముందు పెట్టింది. అతిథుల కానుక, సంతకానికి బంగారు పెన్ను. ముసలాయన సగం లేచాడు. ఆయనేం చెప్పినా మనకు చేరేది మేడమ్ నోటి నుంచే.

వెనకే నిలబడ్డ అక్క డేగ చెవి దగ్గర వంగింది. "ఆయన కార్డేదిరా?"

"వెనక జేబులో."

"దాని మీద కూర్చున్నావా! పాపం, అందుకే అలా చూస్తున్నాడు. తియ్యి. తల వంచి ఎదురుగా పెట్టు."

కార్డు వంకర తిరిగిపోయింది. వెనకవైపు నీలి సిరాతో, మన అక్షరాల్లో, కష్టపడి దిద్దిన రాత: "నేనే కొంగ. దుబాసీ ముఠా మనిషి. కానుక పెన్నులో విషపు సూది."

కార్యదర్శి వేలు క్యాప్ మీద ఉంది.

డేగ బల్ల మీదుగా దూకి పెన్ను లాగేసుకున్నాడు. "మేడమ్, ముందు మీరు సంతకం చెయ్యండి."

ఆవిడ మొహం పాలిపోయింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోబోయింది. అక్క ఆ బ్యాగును బల్ల కిందికి తన్నింది. గార్డులు మేడమ్‌ను పట్టుకున్నారు.

హాలంతా చప్పట్లు. డేగకు నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది. పరాయి ముసలాయన మనకోసం మన అక్షరాలు నేర్చుకున్నాడు. తనేమో సొంత అక్షరాలను కూడా తిప్పి చూడలేదు. పైగా ఆయన్నే అనుమానించాడు. ఇంత సిగ్గు అతను జన్మలో ఎరగడు.

నలిగిన కార్డు పట్టుకుని ఆయన ముందు తల వంచాడు.  ఆయన కార్డుల కేసులోంచి కొత్త కార్డు తీసి, మళ్ళీ నడుం వంచి, రెండు చేతులతో అందించాడు. చెంపదెబ్బ కొట్టినా డేగకు ఇంతకంటే తేలికగా ఉండేది. ఈసారి రెండు చేతులతో అందుకుని, ఖాళీగా ఉన్న వెనకవైపు కూడా తిప్పి చూశాడు.

సాయంత్రం బాసు భుజం తట్టాడు. "శభాష్! ఇరవై నిమిషాలు, హాలు నిండా శత్రువుల కళ్ళు. ఆ కార్డును ఎలా కాపాడావయ్యా?"

డేగ నేలచూపులు చూశాడు. అక్కే అందుకుంది.

"మావాడు దాని మీంచి లేస్తేగా సార్!"