ఉప్పునీళ్ల గ్లాసు

పొద్దు నెత్తిమీదికొచ్చినా పిట్ట ముట్టలేదు. కోటగిరి అవతల, కాలువ కట్టమీద, పోయిన ఎర్రన్నకు ఇష్టమైనవన్నీ ఇస్తారాకుల పెట్టిండ్రు. కోడికూర, గారెలు, బీడీ కట్ట. చెరుకుతోట మీద కాకులు అరుస్తనే ఉన్నయ్ గని ఒక్కటన్నా కిందికి దిగలేదు.

"మీ బాపు లైటు అడుగుతున్నడే" అన్నది గంగమణి, బిడ్డ చెయ్యి పట్టుకొని. "ఇంట్లున్నది, తీస్కరాపో. ఎలిగించి పెడ్దాం."

నిరోషకు కడుపు మండింది. ఆ చార్జింగ్ లైటు ఎలగకనే కదా, మొన్న తెల్లారకముందు చెరుకుకు నీళ్లు మలపబోయిన మనిషి చీకట్ల కాలువల పడి పానం ఇడిచిండు! చార్జింగ్ ఎక్కుతలేదని బాపు అడిగితే, "ఎలుకలు వైరు కొరికినయ్, నేనే సదిరిన" అన్నడు చిన్నబాపు నరేందర్. బాపు తమ్ముని మాట నమ్మిండు.

నిరోష బోధన్ల సెల్‌ఫోన్లు రిపేర్ చేసే పిల్ల. ఇంటికొచ్చి చార్జర్ చేతుల పట్టంగనే సంగతి తెలిసిపోయింది. ఎలుక కొరికితే ఇట్లుంటదా? బ్లేడుతోని నున్నగ కోసిన వైరు. అతుకు మీద పచ్చ టేపు... చిన్నబాపు ఆటో హ్యాండిలుకు చుట్టిన టేపే. ఆటోల పాటల డబ్బాకు వైరు తక్కువైందని ఆయననే అన్నడు గద. దీన్లకెళ్లి ముక్క కోసుకున్నడు, సిగ్గులేనోడు! మిగిలింది మళ్ల అతికించి పెట్టిండు.

టేపు విప్పింది. రెండు వైర్లూ నల్లవే. ఏది ప్లస్సో ఏది మైనసో చూడనీకి మీటరు దుకాణంల ఉన్నది. సేటు నేర్పిన పాత ఉపాయం యాదికొచ్చింది. గాజు గ్లాసుల ఉప్పునీళ్లు పోసి, చార్జర్ దిక్కు కొసలు రెండూ ఎడంగ ముంచి, స్విచ్చేసింది. బుడగలు లేచేదే మైనస్.

కుడి వైరుకు బుడగలు లేచినయ్. ఎడమది ఊకున్నది.

పిన్ను దిక్కు చూసుకుంది. ప్లస్సు, మైనస్ ఉల్టా కలిపిండు. దినమంతా పెట్టినా ఆ లైటుకు చార్జింగ్ ఎక్కది.

"నీ చేతులిరగ!" అని పండ్లు కొరికింది.

ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయింది.

బుడగలు ఆగలేదు.

ప్లగ్గు పీకి కింద పడేసింది. అయినా లేస్తనే ఉన్నయ్. ఆగి... ఆగి... నీళ్ల కింద మనిషి ఊపిరి విడిచినట్టు. అర్రంతా కాలువ బురద వాసన. మెడ ఎనుక ఏదో తడి తగిలింది.

"బాపూ..."

గుడగుడమని ఒక్కసారే పొంగినయ్.

లైటు పట్టుకొని ఉరికింది. కట్ట మీదికొచ్చేసరికి భయం పోయి కోపమే మిగిలింది. లైటును ఇస్తారాకు పక్కన పెట్టి, అందరి ముంగట అడిగింది.

"చిన్నబాపూ, వైరు కోసింది నువ్వే కదా?"

"పిచ్చిలేసిందా నీకు? ఎలుకలు..."

ఆమె ఇంకేం వినలేదు. పిట్ట దిగకుంటే పోయినోళ్లకు ఏదో ఒక మాట ఇస్తరు. ఇల్లు సూసుకుంటమనో, పిల్లలను సాదుకుంటమనో. నిరోష కాలువకు దండం పెట్టింది. నోట్లకెళ్లి వేరే మాట వచ్చింది.

"బాపూ! నీ వైరు కోసినోన్ని నీ దగ్గరికే పంపిస్త. వచ్చి ముట్టు!"

"అట్లనకే!" గంగమణి బిడ్డ నోరు మూసింది.

అప్పటికే కాకి దిగింది. అన్నం ముట్టింది.

హమ్మయ్య అని అందరూ ఇంటి తొవ్వ పట్టిండ్రు. ఎనుకకు మర్లి చూడొద్దు, అది కట్టడి. అందరికంటె ఎనుక నరేందర్, నిరోషను తిట్టుకుంట వస్తున్నడు.

తోట మలుపు కాడ తిట్లు ఆగిపోయినయ్. చప్పుడేం లేదు. పిలుపు లేదు.

"అవ్వా, చిన్నబాపు..."

"చూడకు" అన్నది గంగమణి గుసగుసగ. ఆమె గోర్లు బిడ్డ చేతిల దిగినయ్.

ఇంట్ల ఇంకా కరెంటు రాలేదు. ప్లగ్గు కిందనే పడి ఉన్నది.

గ్లాసుల రెండు వైర్లకూ బుడగలు. కుడిదానికి మెల్లగ, నింపాదిగ... ఎడమదానికి మాత్రం ఆగకుండ, ఆత్రంగ.