ఉడుము గరిడీ కత్తులు

పెద్దవాన వెలిశాక దుమ్మకొండ గెడ్డలో ఒక కత్తిపిడి కొట్టుకొచ్చింది.

సాము కర్రలు నానబెట్టడానికి నీళ్లలోకి దిగిన పారమ్మ కాలికి అది తగిలింది. తీసి బురద కడిగింది. తుప్పు పట్టిన పిడి మీద చిన్న బొమ్మ. నాలుగు కాళ్లూ చాపి రాయిని కరుచుకున్న ఉడుము. పారమ్మ నీళ్లలో అలాగే నిలబడిపోయింది. అది వాళ్ల గరిడీ గోడ మీది బొమ్మే.

ఆ చుట్టుపట్ల గరిడీలకు పులులూ సింహాలూ గుర్తులు. వీళ్లకు ఉడుము. అమ్మవారి పండగ ఊరేగింపులో వీళ్లు కనబడితే చాలు, "ఉడుములొచ్చినాయిరో, కలుగు సూపించండి!" అని ఈలలు వేసేవారు. ఆ ఎగతాళికి ఒక కారణం ఉంది. వెనకటి రోజుల్లో తెల్లదొరల పటాలం కొండకోటను పట్టింది. రాజు లొంగిపోయాడు. కత్తులన్నీ అప్పగించమని చాటింపు వేశారు. అందరూ అప్పగించారు. ఉడుము గరిడీవాళ్లు మాత్రం కత్తులతో సహా కొండగుహలోకి వెళ్లిపోయారు. తిరిగి వచ్చింది ఒక్కడే. వాడికి దవడ పగిలి మాట పోయింది. సాము నేర్పాడు గానీ లోపల ఏం జరిగిందో చెప్పలేకపోయాడు. చెప్పేవాడు లేని కథను ఊరు తనకు తోచినట్టు చెప్పుకుంది. భయపడి దాక్కున్నారంది. లోపలే చచ్చారంది.

పారమ్మ తండ్రి గవరయ్య గురువు ఆ మాట ఒప్పుకునేవాడు కాదు. ఆ మూగవాడు నేర్పిన కూకుడు సాము వాళ్ల గరిడీలో తప్ప ఎక్కడా లేదు. నేల మీద కూర్చుని సగం కర్రతో ఆడాలి. చేరినవాడు ముందు ఆ కథ వినాలి, ఆ సాము పట్టాలి. ఆ తరవాతే నిలబడి ఆడటం.

గవరయ్య పిడిని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"దాక్కున్నోడు సాము కడతాడేటే? పద, కొండెక్కుదాం."

"నువ్వెందుకయ్యా? మోకాళ్లు నొప్పెడతాయి."

"నా మోకాళ్లు నాను సూసుకుంటాను. నువ్వు తోవ సూడు."

తాడు, కత్తి, సాము కర్ర, టార్చిలైటు పట్టుకుని ముగ్గురూ బయలుదేరారు. మూడోవాడు పారమ్మ మొగుడు పోలినాయుడు. మనిషి గాదెలా ఉంటాడు. నోట్లో మాట ఆగదు. పొద్దున టీ కొట్టు దగ్గర పిడి సంగతి పదిమందికీ చెప్పేశాడు.

గెడ్డ పట్టుకుని పైకి నడిచారు. నాచు పట్టిన బండలు జారుతున్నాయి. అడ్డతీగలు నరుక్కుంటూ, జలగలు పీక్కుంటూ ఎక్కారు. గెడ్డ పుట్టే చోట, కొండ నోరు తెరిచినట్టు గుహ కనిపించింది.

"ఒలే పారీ, లోపల ఎలుగ్గొడ్డుంటేనో?"

"ఉంటే నిన్ను సూసి అదే పారిపోద్ది. రా మావా."

లోపల గబ్బిలాల కంపు. కప్పు అందనంత ఎత్తున ఉంది. నాలుగడుగులు వేశారో లేదో, వెనకనుంచి వెలుతురు పడింది.

"అప్పా! ఆగండక్కడ!"

జోగినాయుడు. పారమ్మను అక్క వరసన అప్పా అంటాడు. గవరయ్య దగ్గరే కర్ర పట్టాడు. కూకుడు సాము దగ్గరికి వచ్చేసరికి, "సింతపిక్కలాటకి నానొచ్చినానేటి? దెబ్బ నేర్పు, కథలొద్దు" అని వెళ్లిపోయాడు. ఇప్పుడు పట్నంలో మాస్టర్ జోగి. నిలబడి కొడితే జిల్లాలో వాడికి ఎదురు లేదు. వెనక ఇద్దరు శిష్యులు, చేతుల్లో ఖాళీ గోనెసంచులు.

"కత్తులు నాకొదిలీండి గురువుగోరూ. పాత సరుకు కొనేవోడు కింద జీపులో ఉన్నాడు."

"అవి నీ తాతలవట్రా అమ్ముకోడానికి?" అంది పారమ్మ.

"దాక్కుని సచ్చినోల్ల కత్తులకి నాయమేటి అప్పా?"

పారమ్మ కర్ర లేచింది. జోగి కర్ర అంతకన్నా ముందు లేచింది. గుహంతా టకటకమని మోగింది. పారమ్మ రెండు దెబ్బలు కాచుకుంది. మూడోది నెత్తిమీంచి వచ్చింది. అడ్డుపెట్టిన కర్ర మధ్యకు విరిగింది. గవరయ్యా పోలినాయుడూ ముందుకు దూకబోతే శిష్యులు కర్రలు చాపి అడ్డం నిలబడ్డారు.

"ఇంకేటుంది? ఇంటికెల్లి సింతపిక్కలాడుకో!"

చేతిలో సగం కర్రతో పారమ్మ వెనక్కి జరిగింది. వీపుకు చల్లని బండ తగిలింది. బండ కింద నడుమెత్తు సందు ఒకటి లోపలికి పోతోంది. పారమ్మ దాన్ని చూసింది. కూకుడు సాములో పైనుంచి కొట్టే దెబ్బ ఒక్కటీ లేదు. అన్నీ పక్కల నుంచే. ఎందుకని చిన్నప్పటి నుంచీ ఆమెకు అనుమానం. ఇప్పుడు కళ్ల ముందు జవాబు కనబడుతోంది. తల మీద బండ ఉన్నవాడు పైనుంచి ఎలా కొడతాడు?

పాకుతూ సందులోకి దూరింది. బాసిపీట వేసుకుని కూర్చుంది.

"రారా జోగీ! దెబ్బ సూపిస్తాను!"

జోగి వంగి దూరాడు. కర్ర ఎత్తాడు. కప్పుకు కొట్టుకుంది. తిప్పబోయాడు. గోడకు తగిలి చెయ్యి జిల్లుమంది. ఈలోపు పారమ్మ సగం కర్ర వాడి మణికట్టు మీద పడింది. ఆ వెంటనే మోకాలు. డొక్క. కూర్చున్నచోటే గిర్రున తిరిగి మోచెయ్యి. మీద పడబోతే పక్కకు ఒరిగి, వాడి మెడ మీద కర్ర ఆనించి నేలకు అదిమింది.

"సాలప్పా! సాలు!"

వాడి చేతిలోంచి జారిన లైటు దొర్లుతూ పోయి గోడవార ఆగింది. అక్కడ ఉన్నాయి కత్తులు. బండ మీద వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి పిడి మీదా ఉడుము. ప్రతి కత్తీ సగానికి విరిగి ఉంది.

జోగి నొప్పిలోనే నవ్వాడు. "సూసినావా? ఇరిసీసి కూకున్నారు. ఊరన్నదే నిజిం."

పారమ్మ చెయ్యి సడలింది. ఇంతకా ఇంత దూరం వచ్చింది?

శిష్యులను తోసుకుని గవరయ్య పాక్కుంటూ వచ్చాడు. ఒక కత్తి తీసి విరిగిన కొస మీద బొటనవేలు రాశాడు. రక్తం బొట్టు కట్టింది.

"ఊరికే ఇరిగిన కత్తికి మొన ఉంటాదేట్రా?"

పారమ్మ లైటు దగ్గరికి లాగింది. అన్ని కత్తులకూ కొస నూరి ఉంది. పక్కన బండ మీద నూరిన గాడులు, అరచెయ్యి పట్టేంత లోతున. ఒక కత్తిని తన సగం కర్ర పక్కన పెట్టింది. రెండూ ఒకే పొడవు.

"కావాలనే పొట్టి సేసుకున్నారయ్యా!" అని కేక వేసింది. "ఈ సందులో తిప్పడానికి!"

సందు మొదట్లో మట్టి గీరితే ఇత్తడి బొత్తాలు బయటపడ్డాయి. పటాలంవాళ్ల కోటు బొత్తాలు. గుప్పిటకు పట్టనన్ని. వంగి లోపలికి వచ్చినవాళ్లవి, మళ్లీ నిటారుగా లేవనివాళ్లవి.

గవరయ్య ఏడవలేదు. "సెప్పినానా నేదా?" అన్నాడు, అంతే. జోగి ఆ బొత్తాల వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఇంతలో కొండ లోపలినుంచి ఊళ లాంటి మోత వచ్చింది. పైన మళ్లీ వాన పట్టింది. గోడ చీలికల్లోంచి ఎర్రనీళ్లు ఎగదన్నాయి.

"పారీ! గెడ్డొస్తంది! బయటికి రండే!" పోలినాయుడు ఆ సందులో పట్టడు. బయటినుంచే అరుస్తున్నాడు. శిష్యులు సంచులు పారేసి అప్పుడే పరుగెత్తారు.

"కత్తులు కొట్టుకుపోతాయి! పైకి ఎట్టండి!" అని అరిచింది పారమ్మ.

కప్పు పైకి లేచిన చోట, పక్క గోడలో ఎత్తున పొడిగా ఒక అరుగు ఉంది. పారమ్మ దాని మీదికెక్కి పడుకుని, చెయ్యి కిందికి చాపి అందుకుని పేర్చసాగింది. గవరయ్య ఏరి ఇస్తున్నాడు. నీళ్లు మోకాళ్లు దాటాయి.

"సూస్తావేట్రా జోగీ? అందుకో!" అన్నాడు గవరయ్య.

వాచిన కుడిచెయ్యి గుండెకు అదుముకుని, జోగి ఎడమచేత్తో అందించడం మొదలుపెట్టాడు. చివరి కత్తి పైకి చేరేసరికి గవరయ్య గడ్డం నీళ్లలో మునుగుతోంది. పోలినాయుడు తాడు విసిరాడు. ముందు ముసలాయన్ను, తరవాత జోగిని, చివర పారమ్మను గేదెదూడల్లా లాగి పడేశాడు. నలుగురూ ఒకరినొకరు పట్టుకుని గుహ నోట్లోంచి వానలోకి దొర్లారు.

"ఒక్కటైనా తేనేదేటే? ఊరోల్లకి సూపిద్దుం గదా!" అన్నాడు పోలినాయుడు, వగరుస్తూ.

"సూపడానికి కత్తెందుకు మావా? మనం నేమేటి?"

కొండ దిగాక జీపులోని మనిషి జోగిని అడిగాడు. "దొరికాయా?"

"దొరికినాయి. అమ్మం," అన్నాడు జోగి, ఆగకుండా నడుస్తూ.

ఆ ఏడు అమ్మవారి పండగలో బరి చుట్టూ జనం విరగబడ్డారు. ఉడుము గరిడీ వంతు వచ్చింది. పారమ్మ ముందుగా మైకు అందుకుంది. కథ మొదలుపెట్టింది. ఈలలు వేశారు. "కథలొద్దు, ఆటాడండే!" అని అరిచారు. ఆమె గొంతు పెంచింది. కత్తి నూరిన గాడుల దాకా వచ్చేసరికి ఈలలు ఆగాయి. బొత్తాల దగ్గర పసిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. చెప్పాల్సిందంతా చెప్పి మైకు దించింది. సగం కర్ర పట్టుకుని బరి నడుమ కూర్చుంది.

పట్నం నుంచి వచ్చిన పోటీ పెద్ద చేత్తో సైగ చేశాడు. "ఏమ్మా, లేచి ఆడాలి. రూలు అది."

పారమ్మ కర్రను తొడ మీద అడ్డంగా పెట్టుకుంది.

"లెగం," అంది. "దమ్మున్నోల్లు వంగి రండి."