మొక్కు గంప

రాక్షసుడు ఉండి తీరాలి, అనుకుంటోంది కుందమ. ఇంత వేడి ఊరికే రాదు. ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని దీన్ని పుట్టిస్తూ ఉండాలి. వాడికి కోరలుండాలి, పేరుండాలి, వాడి ప్రాణం ఏ తుమ్మెదలోనో దాగి ఉండాలి. అలా కాకపోతే? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె మనసు నిప్పు తొక్కిన కాలులా చటుక్కున వెనక్కి వచ్చేస్తోంది. కాదు, రాక్షసుడు ఉండి తీరాలి.

ఆమె చేతిలోని తాటాకు విసనకర్ర ఆగింది. మంచం మీద అక్క బయ్యమ కళ్లు తెరిచింది.

"విసిరినా వేడి గాలే గదే. నీ చెయ్యి నొప్పి, నాకు సెగ. మానెయ్యి," అంది బయ్యమ. నవ్వబోయింది గానీ ఎండిన పెదవి పగిలింది. నెలలు నిండుతున్న మనిషి, వేడికి సొమ్మసిల్లి మంచం పట్టింది. వీపు గోడకు తగలకుండా మెల్లగా పక్కకు జరిగింది. కుందమ అది చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ గోడకు అవతల కొలిమి ఉంది.

కాచవరం గాజులకు పేరుపడ్డ రాజ్యం. ఏ వీధిలో చూసినా గాజు కరిగించే కొలిములే. వాటిలోని మంట కొలిమమ్మ అని, అది ఆరితే వంశం ఆరినట్టేనని అక్కడివాళ్ల నమ్మకం. ఒకప్పుడు కట్టెలు వేసేవారు. కొండ అవతల నేలబొగ్గు దొరికాక మంట పెద్దదైంది, గాజులు ఓడలెక్కాయి, ఊరు గొప్పదైంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మంచాన్ని కొలిమి గోడకు ఆనించి వేయడం, అమ్మ చూపు రోగి మీద పడాలని రోజూ ఒక గంప బొగ్గు ఎక్కువగా వేయడం అక్కడి ఆచారం. దాన్ని మొక్కు గంప అంటారు.

కొన్నేళ్లుగా ఆ రాజ్యానికి ఒక పీడ పట్టింది. పగటి వేడి పొద్దుగూకినా పోవడం లేదు. ఆకాశం మీద ఎవరో మూత పెట్టినట్టు అది అక్కడే ఉండిపోతోంది. చెరువులు బురదై, బురద బీటలైంది. మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారు. పడినవారి ఇళ్లలో మొక్కు గంపలు లేస్తున్నాయి. పోయిన వేసవిలో కుందమ తల్లి ఇదే మంచం మీద, ఇదే గోడ పక్కన పోయింది. తండ్రి మారయ్య చివరి ఘడియ దాకా గంపలు వేస్తూనే ఉన్నాడు.

రాజు గండదేవుడు సభ పిలిపించాడు. కుందమ కూడా వెళ్లింది, వెనక స్తంభం పక్కన నిలబడింది.

"ఎండలు మా తాతల నాడు లేవా? ఇదీ ఒక ఎండాకాలమే," అన్నాడొక ముసలి దండనాయకుడు, మెడ మీది చెమట తుడుచుకుంటూ.

"తమరు తడిగుడ్డ కప్పుకుని మాట్లాడుతున్నారు, దొరా," అన్నారెవరో. సభ నవ్వింది.

"ఉత్తర దిక్కు ముని ఒకడు మన పొగల వల్లేనని కబురంపాడు గదా?" అన్నాడు మంత్రి.

"పొగ పైకి పోతుంది. ఆకాశానికి గోడలున్నాయా, నిండటానికి?" అన్నాడు బొగ్గు వర్తకుడు. "అయినా పక్క రాజ్యంలో మనకన్నా ఎక్కువ కొలిములున్నాయి. ముందు వాళ్లని ఆపమనండి."

"కొలిములు ఆపితే మేం తినేదేమిటి, మట్టా?" అని గాజులవాళ్లు లేచారు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే కుందమకు మరీ భయం వేసింది. సభలో ఒక్కొక్కరూ ఒక చిన్న నిజాన్ని డాలులా పట్టుకుని దాని వెనక దాక్కుంటున్నారు.

రాజు అలసటగా కళ్లు మూసుకుని, వచ్చే ఏడు మళ్లీ ఆలోచిద్దామన్నాడు. వచ్చే ఏటికి అక్క ఉండదు. ఆ తలపుతోనే కుందమ స్తంభం పక్క నుంచి బయటికి నడిచింది. ఒకనాటికి ఆ సింహాసనం మీద ఈ గాజుల పిల్లే కూర్చుంటుందనీ, కాచవరం మీద మళ్లీ చల్లగాలి వీస్తుందనీ అప్పుడెవరైనా చెబితే సభ మళ్లీ నవ్వి ఉండేది. అది పెద్ద కథ. అది జరగాలంటే ముందు ఒక గంప కిందికి దిగాలి.

తెల్లవారగానే కుందమ బయల్దేరింది. నడుముకు ఒక గాజు కత్తి కట్టుకుంది. రాక్షసుడి గుండెలో దించాలని తమ కొలిమిలోనే పోతపోసి, సాన పట్టిన కత్తి అది.

ఎండిన అడవిలో నీడ లేదు. ఆకులన్నీ రాలిపోయి చెట్లు చేతులెత్తేసిన మనుషుల్లా ఉన్నాయి. ఒక చెట్టు కింద గుర్రమంత గిజిగాడు రెక్కలు పరుచుకుని రొప్పుతోంది.

"ఆ ముంతలో నీళ్లున్నాయా, పిల్లా?" అంది.

"ఉన్నాయి. నాకే చాలవు."

"అందరూ ఇదే చెప్పి వెళ్లారు. పాపం, వాళ్లూ అబద్ధం చెప్పలేదు."

కుందమ నాలుగడుగులు వేసి ఆగింది. తిట్టుకుంటూ వెనక్కి వచ్చి ముంత వంచింది. గిజిగాడు గుటకలు వేసి, ఆమెను వీపు మీద ఎక్కించుకుని ఎగిరింది.

"గూడు అల్లేదాన్ని, అల్లిక చూస్తే పోల్చుకుంటాను. కింద చూడు," అంది.

రాజ్యమంతటి మీదా కంటికి ఆనీ ఆనని గొంగడి ఒకటి పరుచుకుని ఉంది. ఎండ దానిలోంచి అడ్డు లేకుండా నేలకు దిగుతోంది. నేల కాగి వదిలే సెగ మాత్రం పైకి లేచి, ఆ గొంగడికి తగిలి, చాలావరకు మళ్లీ కిందికే వస్తోంది.

"ఎవరు నేశారు?" అని అడిగింది కుందమ. ఆమె కళ్లు దారాల వెంట కిందికి పోబోయాయి. చటుక్కున మూసుకుంది.

"నేను చెప్పనా, నువ్వు చూస్తావా?"

"నన్ను ముని దగ్గర దింపు," అంది కుందమ కళ్లు తెరవకుండానే.

ముని మంచుకొండ గుహలో ఉన్నాడు. గుహ గోడల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఒక పాత మంచుగడ్డనూ, ఒక కొత్తదాన్నీ తెచ్చి నీళ్లలో వేశాడు. అవి కరుగుతుంటే లోపలి బుడగలు టప్పు టప్పుమని పగిలాయి.

"మంచు పడేటప్పుడు అప్పటి గాలిని కాస్త లోపల దాచుకుంటుందమ్మా," అన్నాడు ముని. పాత బుడగల గాలి పొరలా సాగి ఆమె ఎడమ చేతి మీద పరుచుకుంది, కొత్త బుడగల గాలి కుడిచేతి మీద పరుచుకుంది. రెండింటిలోంచీ చర్మం ఒకేలా కనిపించింది. కానీ ఎడమచేతికి హాయిగా ఉంది, కుడిచేతికి ఉక్కపోసింది.

"గొంగడి మంచిదే. అసలే లేకపోతే భూమి గడ్డకట్టుకుపోయేది. అది కొత్త వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. పలచగా ఉన్నంతకాలం మనల్ని కాచింది. ఇప్పుడు మందమైంది. దారం ఎక్కడిదో నీకు తెలుసా?"

"తెలియదు," అంది కుందమ.

ముని ఆమె గోళ్ల సందుల్లోని బొగ్గు మసి వంక చూశాడు.

"తమరు సభకు వచ్చి ఈ మంచుగడ్డలు చూపించరాదా, స్వామీ?"

"కబురంపక ముందే ఒకసారి వచ్చానమ్మా. మంచుగడ్డ బాగుందన్నారు. పానకంలో వేసుకున్నారు."

ఆయన నవ్వు ఏడుపులా ఉంది. దారం మొదలెక్కడో తెలియాలంటే కాచవరం కొండ అవతలి గోతిలోకి దిగమన్నాడు.

గొయ్యి నేలలోకి చాలా లోతు పోయింది. గోడల్లో ఆకుల అచ్చులు, మానుల గీతలు, అన్నీ నల్లగా రాయైపోయి ఉన్నాయి. అడుగున నిజంగానే ఒక రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. కోరలున్నాయి. కుందమకు భయం బదులు పట్టరాని ఆనందం వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక ఆ అనుమానం అక్కర్లేదు.

"వచ్చావా? కానియ్యి," అని రాక్షసుడు రొమ్ము చూపించాడు. "దించు కత్తి. ఎంతమంది వచ్చారనుకున్నావు. నేను చస్తే మీకు తేలికే."

ఆమె చెయ్యి ఎత్తింది. రాక్షసుడు కత్తిని వాసన చూశాడు.

"దీన్ని పోతపోసింది నా బొగ్గుతోనే. మీ ఇంటి కొలిమిలోనేనా?"

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నేను కావలివాణ్ణే, పిల్లా. మనిషి పుట్టక ముందు ఈ అడవి యుగాలపాటు గాలి పీల్చి, ఆ గాలిని ఒంట్లో దాచుకుని ఇక్కడ పడుకుంది. దాని నిద్ర చెడకుండా చూడమన్నారు నన్ను. మీరు గంపలతో వచ్చారు. అది యుగాల పాటు బిగబట్టిన ఊపిరిని మీరు కొలిమిలో ఒక్కసారిగా వదిలిస్తున్నారు. అదే దారం. ఒక్కో గంప ఒక్కో పోగు."

"దాన్ని కోసే కత్తెర ఇయ్యి," అంది కుందమ. కత్తి పట్టిన చెయ్యి దించింది.

"లేదు. మీరు నేయడం ఆపితే మందం పెరగడం ఆగుతుంది. తర్వాత చెట్లూ సముద్రమూ ఒక్కో పోగే లాక్కుంటాయి. నీ బతుకంతా పట్టవచ్చు. ఇంకా ఎక్కువే పట్టవచ్చు."

"మా ఒక్క కొలిమి ఆరితే ఏమవుతుంది?"

"ఒక పోగు తగ్గుతుంది."

"మిగతావాళ్లో?"

"అది రాక్షసుణ్ణి అడిగే మాటేనా?"

ఆమె కత్తిని ఆ గోతిలోనే వదిలేసింది. తిరుగుదారి పొడవునా తనలో తాను వాదించుకుంది. సభలో విన్న గొంతులన్నీ ఇప్పుడు ఆమె లోపలే ఉన్నాయి. పక్క రాజ్యాన్ని ఆపమనండి. ఒక్క పోగుతో ఏమవుతుంది? తినేదేమిటి, మట్టా? ముసలి దండనాయకుడి గొంతు కూడా అచ్చం తన గొంతులాగే ఉంది. ఆ సెగ ఎక్కడిదో అమ్మ పోయిన రోజునే తనకు తెలుసు. గంప అందించింది తనే. ఆ ఒక్కటీ చూడకుండా ఉండడానికే ఇన్ని అడవులు దాటింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కోటలో ఇంకా వాదాలు నడుస్తున్నాయని వీధిలో చెప్పుకుంటున్నారు. బయ్యమ గోడ పక్కనే ఉంది, ఊపిరి గస పెడుతోంది. మారయ్య కొలిమి నోటి ముందు నిలబడి ఉన్నాడు. ఈ కాస్త కాలంలోనే ముసలివాడైపోయాడు.

"వచ్చావా, బిడ్డా. రోజుకు రెండు గంపలు వేస్తున్నాను. ఇంకా కొలిమమ్మకు దయ రాలేదు. నీ చేత్తో వెయ్యి, ఒకవేళ..." మాట పూర్తి చేయలేక గంప ఆమె చేతుల్లో పెట్టాడు.

గంప బరువుగా ఉంది. వెయ్యకపోతే, అక్క పోతే, ఊరంతా తననే అంటుంది. నాన్న ఏమీ అనడు, అది ఇంకా కష్టం. వేస్తే ఎవరూ ఏమీ అనరు. అమ్మ పోయినప్పుడు కూడా ఎవరూ ఏమీ అనలేదు.

"కొలిమమ్మ దయ కాదు, నాన్నా. ఈ సెగే. అమ్మను తీసుకుపోయిందీ ఇదే," అంది కుందమ.

మారయ్య ఆమె వంక చూడలేదు. "తెలియక కాదు, బిడ్డా," అన్నాడు. "ఇది వేయకపోతే ఇంకేం చెయ్యాలో తెలియక."

గోడ అవతలి నుంచి బయ్యమ గొంతు వినిపించింది, ఎండుటాకు కదిలినట్టు.

"కుందీ, కొలిమమ్మ నన్ను చూసింది చాలే. ఆ చూపు కాస్త తిప్పు."

కుందమ గంపను కింద పెట్టింది. గాజు కరిగించే మూసలు చేయడానికి నానబెట్టిన మట్టిని రెండు చేతులా తీసుకుని, మంటకు గాలి అందకుండా కొలిమి నోటికి మెత్తింది.